టైం రాశారా? కానిస్టేబుల్ ట్రైనింగ్‌లో నా తొమ్మిది నెలలు

ట్రంకు పెట్టె, బకెట్టు, మగ్గు, దోమతెర, నాలుగు తెల్ల బనియన్లు, రెండు జతల కాన్వాస్ షూస్, రెండు తాళం కప్పలు. 2024 ఫిబ్రవరిలో ట్రైనింగ్ సెంటర్ గేటు ముందు ఆటో దిగినప్పుడు నా దగ్గరున్న సామాను ఇంతే. పొద్దున బయల్దేరుతుంటే మా నాయనమ్మ మాత్రం ఒక్కటే మాట అన్నది: "పోలీసోడివైతున్నవ్ మంచిదే బిడ్డా, ఎవల్నీ కొట్టకు." పక్కనే ఉన్న మా నాయన నవ్వి "కొట్టకపోతే పోలీసెట్లయితడే అవ్వా" అన్నాడు. ఆయన నవ్వాడు గాని అది పూర్తి నవ్వు కాదు, ఎందుకో కింద చెప్తా.

ముందే ఒక మాట. నా పేరు, సెంటర్ పేరు, ఇప్పుడు పనిచేస్తున్న స్టేషన్ పేరు రాయను. ఉద్యోగంలో ఉన్నవాడికి ఉండే రూల్స్ ఉంటాయి కదా. తెలంగాణలో సివిల్ కానిస్టేబుల్‌ని, ఊరు నల్గొండ వైపు, డిగ్రీ కామర్స్. అంతవరకు చాలు.

సెలక్షన్ కథ అందరికీ తెలిసిందే, త్వరగా దాటేస్తా. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్, ఆగస్టులో ప్రిలిమ్స్, డిసెంబర్ చలిలో ఈవెంట్స్ (1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, నేను 6 నిమిషాల చిల్లరలో కొట్టాను, గొప్ప కాదు), 2023 ఏప్రిల్ 30న ఫైనల్ రాత పరీక్ష, అక్టోబర్‌లో లిస్టు. ఆ తర్వాత కోర్టు కేసులు, ఇదిగో అదిగో అంటూ నెలలు. ఆ గ్యాప్‌లో నేను మిర్చి లోడింగ్‌కి కూడా వెళ్లాను. యూట్యూబ్‌లో ట్రైనింగ్ వీడియోలన్నీ చూసి, కొండలెక్కడం, తాడు పట్టుకుని పాకడం, తుపాకీ పేల్చడం, ఇదే ట్రైనింగ్ అనుకుని దానికే రెడీ అయ్యాను. రోజుకు ఐదు కిలోమీటర్లు ఉరికాను. ఒక్క పేజీ రాయడం మాత్రం ప్రాక్టీస్ చేయలేదు. నన్ను అసలు ఏడిపించింది అదే.

అవుట్‌డోర్ గురించి రెండు ముక్కలు. తెల్లవారకముందే ఫాల్ ఇన్, పీటీ, తర్వాత డ్రిల్. మొదటి నెల అరికాళ్లలో బొబ్బలు, రెండో నెల మోకాలి కింద ఎముక నొప్పి, మూడో నెల నుంచి అలవాటు. కమాండ్లు విని సగం మందిమి కుడికి, సగం మందిమి ఎడమకి తిరిగితే ఇన్‌స్ట్రక్టర్ తల పట్టుకునేవాడు. మే ఎండలో హెల్మెట్, షీల్డు, లాఠీతో మాబ్ డ్రిల్ (అల్లరి గుంపును అదుపు చేసే డ్రిల్) చేసినప్పుడు గ్రౌండ్‌లోనే ఇద్దరు పడిపోయారు. ఫైరింగ్ రోజు ఎస్ఎల్ఆర్ రైఫిల్ భుజానికి సరిగ్గా ఆనించకపోవడంతో వారం రోజులు భుజం నల్లగా ఉంది. ఇవన్నీ ట్రైనింగ్ అయినవాళ్లందరూ చెప్పేవే, చెప్పుకుంటే బాగుంటాయి కూడా. నేను వాటి దగ్గర ఆగను.

ఇండోర్ క్లాసులు టిఫిన్ తర్వాత మొదలై సాయంత్రం దాకా. తెల్లారి లేచి ఉరికి, డ్రిల్ చేసి, స్నానం చేసి, కడుపు నిండా ఉప్మా తిని ఫ్యాను కింద కూర్చున్నవాడికి రాజ్యాంగం చెప్తే ఏమవుతుంది? నిద్ర వస్తుంది. మాకూ వచ్చింది. నిద్రపోకుండా గోడకు ఆనుకుని నిలబడి విన్నవాళ్లు కూడా నిలబడే నిద్రపోయారు. మాకు చట్టం చెప్పిన సార్ రిటైర్డ్ ఆఫీసర్, మేమంతా లా సార్ అనేవాళ్లం. మొత్తం సెంటర్‌లో మమ్మల్ని "మీరు" అని పిలిచిన మనిషి ఆయనొక్కడే. గ్రౌండ్‌లో "రేయ్", మెస్‌లో "ఓయ్", బ్యారక్‌లో చెస్ట్ నంబర్. ఈయన దగ్గరకొస్తే "మీరు చెప్పండి". మొదట్లో వెనక్కి తిరిగి చూసుకునేవాళ్లం, ఎవరినైనా పెద్దాయన్ని పిలుస్తున్నాడేమోనని.

ఆయన మొదటి క్లాసులో అడిగిన ప్రశ్న: ఒక ఊళ్లో పోలీసులు బాగా పనిచేస్తున్నారని ఎట్లా తెలుస్తుంది? కేసులు ఎక్కువ పెడితే అన్నాడొకడు. దొంగల్ని ఎక్కువ పట్టుకుంటే అన్నాడొకడు. రోడ్డు మీద ఎప్పుడూ పోలీసులు కనిపిస్తే అని నేను. అప్పుడాయన 1960లో దేశంలోని పోలీస్ ఐజీల సమావేశంలో ఆమోదించిన ప్రవర్తనా నియమావళి తీశాడు. నేరం, అల్లరి లేకపోవడమే పోలీసుల పనితనానికి పరీక్ష, పోలీసులు ఎంత హడావుడి చేశారన్నది కాదు అని అందులో ఉంది. ఇంకొకటి, పోలీసు కూడా మామూలు పౌరుడే, ప్రతి పౌరుడూ చేయాల్సిన పనినే జీతం తీసుకుని పూర్తికాలం చేస్తున్నాడు, అంతే తేడా అని. తీర్పు చెప్పడం కోర్టు పని, నేరం చేసినవాడికి శిక్ష వేసే పనిని మీరు నెత్తినేసుకోవద్దని కూడా. వినడానికి బాగుంది, కాపీ చేసుకున్నాం, నిజం చెప్పాలంటే మర్నాటికి మర్చిపోయాం. విలువలు అనే మాట పెద్దది కదా, చెవిలో పడుతుంది గాని లోపలికి దిగదు.

దిగింది ఎక్కడంటే, మూడో వారంలో ఒక చిన్న ఆటలో. క్లాసులోనే టేబుల్ వేసి అది రిసెప్షన్ అన్నాడు. ఒకరు కానిస్టేబుల్, ఒకరు దరఖాస్తు ఇవ్వడానికి వచ్చిన మనిషి. టేబుల్ వెనక కూర్చున్నవాడు ఎన్నిసార్లు "నువ్వు" అంటే బోర్డు మీద అన్ని గీతలు. తిట్టలేదు, డిప్స్ కొట్టించలేదు, ఊరికే గీతలు. పదిమంది అయ్యేసరికి బోర్డు సగం నిండింది. విచిత్రం ఏంటంటే బయట అదే మనిషిని "అన్నా, అక్కా, కాకా, పెద్దమ్మా" అనేవాడు కూడా ఆ టేబుల్ వెనక్కి రాగానే "ఏం కావాలె నీకు" అంటున్నాడు. ఎవరూ నేర్పలేదు మాకు! ఖాకీ కూడా వేసుకోలేదు ఇంకా, పీటీ డ్రెస్‌లోనే ఉన్నాం. నాకు తొమ్మిది గీతలు పడ్డాయి.

ఆ తొమ్మిది గీతలు చూస్తుంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు పొలం దగ్గర బోరు మోటారు, కేబులు ఎవరో ఎత్తుకుపోయారు. నాయన స్టేషన్‌కి మూడుసార్లు తిరిగాడు. మూడోసారి కాగితం తీసుకున్నారు గాని చేతికి ఏమీ ఇవ్వలేదు. "ఏం రా, నీ మోటారుకు మేం కావలి పండుకోవాల్నా" అన్నాడట అక్కడొకాయన. మా నాయనకప్పుడు నలభై దాటాయి, ఆ మాట అన్నాయనకు పాతికేళ్లు ఉంటాయేమో. మోటారు పోయినదానికంటే ఆ "రా" గురించే ఇంట్లో ఎక్కువ రోజులు మాట్లాడుకున్నాం. ఏ స్టేషనో చెప్పను, ఇప్పుడు అక్కడ ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ ఇస్తుందని, అందులో గౌరవంగా బతికే హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు చెప్పిందని పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి. నాకు మాత్రం 21 అంటే ఆ "రా" అనే అక్షరం.

ఇక చట్టాల సంగతి. మా బ్యాచ్ కష్టం ఇంకే బ్యాచ్‌కీ వచ్చి ఉండదు. మేము చేరింది ఫిబ్రవరిలో, ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), సీఆర్పీసీ బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), పాత సాక్ష్య చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది జూలై 1న. అంటే చేరిన రోజు అమల్లో ఉన్న చట్టం వేరు, పాసయ్యే రోజు అమల్లో ఉండబోయేది వేరు. నోట్‌బుక్ మధ్యలో గీత గీసి ఎడమ పక్క పాత నంబరు, కుడి పక్క కొత్త నంబరు. 302 అంటే హత్య అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు, ఇప్పుడది 103. కొత్త దాంట్లో 302 ఏంటని చూస్తే మతపరమైన మనోభావాలు గాయపరిచేలా మాట్లాడటం! దొంగతనం 379 పోయి 303 అయింది. 144 పోయి 163 వచ్చింది. 420 కాస్తా 318లో నాలుగో ఉపసెక్షన్ అయింది, ఇక మనవాళ్లు తిట్టుకోవడానికి కూడా కష్టమే, "వాడు పెద్ద త్రీ ఎయిటీన్ సబ్ ఫోర్ గాడు" అంటే ఎవరికర్థమవుతుంది? మా బ్యారక్‌లో అదే తిట్టు నెలరోజులు నడిచింది లెండి. ఐపీసీలో 511 సెక్షన్లు, బీఎన్ఎస్‌లో 358. సీఆర్పీసీలో 484, బీఎన్ఎస్ఎస్‌లో 531. మొత్తం నేర్చుకోవాలేమోనని మొదటి వారం టెన్షన్ పడ్డాం గాని కానిస్టేబుల్ చేతికి తగిలేవి అందులో కొన్నే. అవి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

వీటికి తోడు మన దగ్గర నిజాం కాలం చట్టాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం 1348 ఫసలీ (పాత రెవెన్యూ లెక్క సంవత్సరం), జిల్లాలకు 1329 ఫసలీ. మా వెనక బెంచీవాడు లేచి, సార్ మనం 1348 నుంచి అదే చట్టం వాడుతున్నామా అని సీరియస్‌గా అడిగాడు, కాకతీయుల తర్వాత వచ్చిందనుకున్నాడేమో. ఫసలీకి 590 కలపాలి, అప్పుడు 1938 వస్తుంది అని సార్ చెప్పాక క్లాసంతా నవ్వు. పట్టా కాగితాలు చూసిన రైతుబిడ్డలకు ఫసలీ కొత్త కాదు గాని పోలీస్ చట్టంలో ఉంటుందని మేం అనుకోలేదు.

జూన్ చివర్లో సార్ ఒక లెక్క ఇచ్చాడు. జూన్ 30 రాత్రి దొంగతనం జరిగింది, జూలై 1 పొద్దున ఫిర్యాదు వచ్చింది. ఏ చట్టం? సగం మంది పాతది, సగం మంది కొత్తది. జవాబు రెండూ. నేరం జరిగింది పాత చట్టం ఉన్నప్పుడు కాబట్టి సెక్షన్ ఐపీసీది, కేసు కట్టేది కొత్త చట్టం వచ్చాక కాబట్టి పద్ధతి బీఎన్ఎస్ఎస్‌ది. "మరి ఫిర్యాదులో రాత్రి అని ఊరికే రాస్తే? పదకొండు యాభైకా, పన్నెండు పదికా?" అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. "టైం రాశారా లేదా? రాయకపోతే ఏ చట్టమో కూడా తెలియదు." అప్పటికే ఆ మాట మాకు ఊతపదం అయిపోయింది. మెస్‌లో ఎవడైనా రెండోసారి గుడ్డు తీసుకుంటే "టైం రాశారా?" అనేవాళ్లం.

ఇప్పుడు రాయడం గురించి. ఒకరోజు మా మెస్‌లో పనిచేసే ఒక అమ్మను క్లాసుకు పిలిచి, ఆమె ఫోను బస్టాండులో పోయిన సంగతి చెప్పమన్నాడు. నిజంగా పోయిందట పాపం. ఆమె చెప్పింది, మేము రాశాం. నేను మంచి తెలుగు రాస్తానని నాకు గర్వం, ఎనిమిదిలో వ్యాసరచన ప్రైజు కూడా ఉంది. "సదరు ఫిర్యాది బస్సు కొరకు వేచియుండగా, సుమారు ముప్పై ఏళ్ల ఒక అనుమానాస్పద వ్యక్తి తాగిన మైకంలో ఆమెను సమీపించి" అంటూ దంచేశాను. సార్ నా కాగితం చదివి ఆమెను అడిగాడు: "అమ్మా, అతను తాగి ఉన్నాడా?" ఆమె "తూలుకుంట వచ్చిండు సార్, తాగిండో, కాలు బాలేదో" అంది. "అనుమానంగా ఉన్నాడా?" "నాకేం అనుమానం రాలే, వస్తే ఫోను చేతుల్నే పట్టుకుంటుంటినా?" క్లాసు పగలబడి నవ్వింది. సార్ నవ్వలేదు. "అనుమానాస్పదం, తాగిన మైకం, ఈ రెండు మాటలూ ఎవరివి? మీవి. రేపు కోర్టులో ఈమెను నిలబెట్టి డిఫెన్స్ లాయరు ఇవే అడుగుతాడు. ఈమె నేనట్లా చెప్పలేదంటుంది. అక్కడితో ఈమె చెప్పిన నిజం కూడా అబద్ధమైపోతుంది" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "మీరు ఆమె నోట్లోంచి మాట తీసేసి మీ మాట పెట్టారు" అన్నాడు. ఆ రోజు నేను రాత్రి భోజనం సరిగ్గా చేయలేదు.

అప్పట్నుంచి రోజూ ఒక పేజీ. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు. విశేషణం వాడితే దాని కింద ఎర్రగీత. "పెద్ద గుంపు" అంటే ఎంతమంది? "చాలాసేపు" అంటే ఎన్ని నిమిషాలు? "అక్కడికి దగ్గరలో" అంటే ఏ దిక్కున, ఎన్ని అడుగుల్లో? జనరల్ డైరీలో ఎంట్రీ ఎలా రాయాలో నేర్పేటప్పుడు ఇదే గొడవ. డ్యూటీ ఎక్కింది, దిగింది, ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎవరు ఎక్కడికి బయల్దేరారు, అన్నీ టైంతో. మధ్యలో ఖాళీ వదలకూడదు, కొట్టివేత ఉంటే దాని పక్కన సంతకం. తొమ్మిది నెలల్లో నా ఒళ్లు ఎంత గట్టిపడిందో తెలియదు గాని నా తెలుగు మాత్రం చిక్కిపోయింది. మంచికే.

ఎఫ్‌ఐఆర్ క్లాసు రోజు నేను ముందు బెంచీలో కూర్చున్నా. బీఎన్ఎస్ఎస్ 173, పాత చట్టంలో 154. కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది) జరిగినట్టు సమాచారం వస్తే కేసు నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచీ చెప్పింది. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌కి వస్తే ఆ స్టేషన్‌లో తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. ఇది ఇప్పుడు చట్టంలోనే రాసి ఉంది. మహిళలపై జరిగే కొన్ని నేరాల్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఆ ఉద్యోగికే కనీసం ఆరు నెలల కఠిన జైలు, బీఎన్ఎస్ 199. కేసు కట్టాక కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ఈ ముక్క దగ్గర నేను పెన్ను ఆపేశాను. ఆదివారం ఫోన్లు ఇచ్చినప్పుడు నాయనకు చెప్పాను, "నీకు ఆరోజు కాపీ ఇయ్యాల్సి ఉండె, అది నీ హక్కు, పాత చట్టంలో కూడా ఉంది" అని. అవతల కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇప్పుడు చెప్తే ఏంది రా, మోటారొస్తదా" అన్నాడు. తర్వాత "గా కాపీల ఏముంటది?" అని అడిగాడు. పదిహేను నిమిషాలు అదే మాట్లాడుకున్నాం, వెనక లైన్లో ఉన్నవాళ్లు తిట్టారు.

అరెస్టు క్లాసు మాత్రం నేను జన్మలో మర్చిపోను, ఎందుకంటే అందులో ముద్దాయిని నేనే.

మాక్ పోలీస్ స్టేషన్ అని ఒక గది ఉండేది. స్క్వాడ్‌లో లావుగా, గడ్డం త్వరగా పెరిగే మనిషిని నేనే కాబట్టి దొంగ వేషం నాకిచ్చారు (ఇదీ ఒక విలువల పాఠమే, సార్ తర్వాత దాని మీద కూడా క్లాసు పీకాడు, దొంగ ఎట్లా ఉంటాడని మీరనుకుంటున్నారు అని). నా దోస్తులే వచ్చి పట్టుకెళ్లారు, రోజూ నా పక్క మంచం మీద పడుకునేవాళ్లు. మొదట నవ్వుకున్నాం. గదిలోకి తెచ్చాక ఒకడు "కింద కూసో" అన్నాడు. కూర్చున్నా. ఇంకొకడు జేబులు వెతికాడు, పర్సు తీశాడు, అందులో మా అమ్మ ఫొటో చూసి ఏదో జోకు వేశాడు. మెల్లగా వాళ్ల గొంతులు మారాయి. "ఏం రా, చెప్పవా" అంటున్నారు. సార్ ఏమీ అనకుండా మూలన కూర్చుని చూస్తున్నాడు. అరగంట, గంట. నాకు దాహం వేసింది. నమ్మండి, నీళ్లు అడగడానికి భయమేసింది! నాటకమని తెలుసు, సాయంత్రం వీళ్లతోనే వాలీబాల్ ఆడతానని తెలుసు, అయినా కింద కూర్చుని పైకి చూస్తే అందరూ పెద్దగా కనిపిస్తారు.

గంటంపావుకి సార్ లేచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. వాళ్లవైపు తిరిగి "ఈయన్ని ఎన్నింటికి తెచ్చారు?" అన్నాడు. ఎవరూ రాయలేదు. "ఎందుకు తెచ్చారో ఈయనకు చెప్పారా? ఇంట్లోవాళ్లకు చెప్పారా? సాక్షి ఎవరు? ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమో చూసి రాశారా? మీ ఛాతీ మీద పేరు ఏది?" పేరు లేదు, పీటీ బనియన్ల మీదే ఉన్నారు కదా. అప్పుడు డీకే బసు కేసు చెప్పాడు. 1986లో పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థ నడిపే ఆయన, పోలీసు కస్టడీలో జరుగుతున్న చావుల గురించి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు, తీర్పు 1996 డిసెంబర్‌లో వచ్చింది, పదకొండు సూచనలతో. పేరు కనిపించేలా బ్యాడ్జి, టైం, తేదీతో అరెస్టు మెమో, దాని మీద సాక్షి సంతకం, అరెస్టయిన మనిషి సంతకం, బంధువుకో దోస్తుకో కబురు, 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష, లాయరును కలిసే వీలు, కంట్రోల్ రూమ్‌కి సమాచారం. వీటిలో చాలావరకు తర్వాత చట్టంలోకే ఎక్కాయి. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది రాజ్యాంగం 22లోనే ఉంది. ఆ ఇరవై నాలుగు ఎక్కడ మొదలు? పట్టుకున్న క్షణం నుంచి. ఆ క్షణం రాసేది ఎవరు? దాదాపు ఎప్పుడూ కానిస్టేబులే. అసలు ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో ఊరికే అరెస్టు చేయొద్దు, అవసరమేంటో కాగితం మీద చెప్పాలి, లేదంటే నోటీసు ఇవ్వాలి అని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. పాత 41ఏ నోటీసు ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 35లో ఉంది.

మా అమ్మ ఫొటో మీద జోకు వేసినవాడు ఆ రాత్రి వచ్చి సారీ చెప్పాడు. ఏమైందో తెలియలేదు రా, అట్లా వచ్చేసింది అన్నాడు. నాకు తెలుసు. నేను అటువైపు ఉండి ఉంటే నాకూ వచ్చేసేది.

ఆ గదిలోనే మరో రోజు ఒకడు అడిగాడు, సార్, నాలుగు తగిలిస్తే ఒప్పుకుంటాడు కదా, ఇంత రాత ఎందుకని. పోలీసు ముందు ఒప్పుకున్న ఒప్పుకోలు కోర్టులో చెల్లదు అన్నాడు సార్. కొత్త సాక్ష్య చట్టంలో 23, పాతదాంట్లో 25, 26. అంటే 1872 నుంచీ ఇంతే. అతను చెప్పినదాన్ని బట్టి పోయిన వస్తువు దొరికితే ఆ దొరికిన మేరకే చెల్లుతుంది. "బ్రిటిష్‌వాడు కూడా తన పోలీసును నమ్మలేదు. నూటయాభై ఏళ్ల తర్వాత మనవాళ్లు చట్టం మొత్తం తిరగరాశారు, ఆ ఒక్కటి మాత్రం తీయలేదు. ఎందుకో ఆలోచించండి" అని వెళ్లిపోయాడు.

అన్నీ ఇలాగే వెలిగిపోయాయని చెప్పను. గ్రౌండ్‌లో ఒక ఇన్‌స్ట్రక్టర్ "లోపల చెప్పేది పరీక్షకు, స్టేషన్‌కి పోయినంక మేం చెప్తం అసలుది" అనేవాడు. మాలో చాలామందికి ఆ మాటే నచ్చేది కూడా. మమ్మల్ని బూతులు తిట్టి, ఒకడి తప్పుకు అందరినీ ఎండలో దొర్లించి, సాయంత్రం మానవ హక్కుల క్లాసుకు పంపితే అది ఎంత ఎక్కుతుంది చెప్పండి. మనిషికి గౌరవం ఇవ్వడం నేర్పాలంటే ముందు నేర్చుకునేవాడికి కొంచెం ఇవ్వాలి కదా. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు మా బ్యాచ్‌లోనే బోలెడు మంది, అట్లా కాకపోతే క్రమశిక్షణ రాదంటారు.

కొత్త చట్టంలో సోదా, స్వాధీనం చేసేటప్పుడు ఆడియో వీడియో రికార్డు చేయాలి, సెక్షన్ 105. ఫోన్‌తో ప్రాక్టీసు చేయించారు. నా మొదటి వీడియోలో మొత్తం నా బొటనవేలే. రెండోదాంట్లో పంచుల (సోదాకు సాక్షుల) ముఖాలు బాగా వచ్చాయి గాని స్వాధీనం చేసుకున్న కత్తి రాలేదు. మూడోదాంట్లో వెనక నుంచి ఎవడో "అరేయ్ మెస్‌లో చికెన్ అయిపోతుంది" అన్నది స్పష్టంగా రికార్డయింది, సార్ దాన్ని తర్వాతి బ్యాచ్‌కి కూడా చూపిస్తానన్నాడు.

అక్టోబర్ 21 అమరవీరుల దినం పరేడ్ చేశాం. 1959లో లడఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా కాల్పుల్లో చనిపోయిన పదిమంది జవాన్ల జ్ఞాపకం అది. ఆ ఏడాది దేశంలో విధుల్లో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతుంటే ఆయుధాలు తలకిందులు చేసి నిలబడ్డాం. కానిస్టేబుల్, కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, కానిస్టేబుల్... నిజంగా ఆరోజు ఒక్కడికీ నిద్ర రాలేదు.

నవంబర్‌లో పాసింగ్ అవుట్. అప్పటికి మాలో ఇద్దరు డీఎస్సీ వచ్చి వెళ్లిపోయారు, ఒకడు మోకాలు పోయి ఆగిపోయాడు. నాయన, అమ్మ, నాయనమ్మ వచ్చారు. రాజ్యాంగం మీద ప్రమాణం చేసి, టోపీ సర్దుకుని వాళ్ల దగ్గరకెళితే నాయనమ్మ నా ఛాతీ మీద నేమ్ ప్లేట్ తడిమి "ఏం రాసుంది బిడ్డా" అంది. నా పేరే అవ్వా అన్నాను. "పేరెందుకు, నిన్ను గుర్తువట్టరా?" అంది.

స్టేషన్‌లో చేరిన మొదటి నెల, నైట్ వాచ్ డ్యూటీ. రాత్రి ఒంటిగంటా నలభైకి ఒకాయన వచ్చాడు, యాభై ఏళ్లుంటాయి, చెప్పులు లేవు. బైపాస్ దగ్గర బస్సు దిగి నడుస్తుంటే బైక్ మీద ఇద్దరొచ్చి చేతిలో ఫోను గుంజుకుపోయారట. స్థలం చెప్పగానే నాతో ఉన్న సీనియర్ "అది మన లిమిట్స్ కాదు, అటు పంపించు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, పొద్దున్నుంచి బందోబస్తులో ఉండి వచ్చాడు. నాకు గుండె దడదడలాడింది, చేరి నెల కాలేదు. "కూర్చోండి" అని కుర్చీ లాగాను, నీళ్లిచ్చాను, తెల్ల కాగితం తీశాను. అన్నా, జీరో కింద తీసుకోవచ్చేమో, ఎస్సై సార్‌ని ఒకసారి అడుగుతా అన్నాను. సీనియర్ నావైపు చూసి "అడుగు మరి" అని కళ్లు మూసుకున్నాడు.

ఎస్సై సార్ గస్తీలో ఉన్నాడు, ఇరవై నిమిషాల్లో వచ్చాడు. నేను రాసింది ట్యూబ్‌లైట్ కింద పెట్టి చదివాడు. విశేషణాలేమీ లేవు, ఆయన మాటలే రాశాను, లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. చదివి తలెత్తి "రాత్రి ఒంటిగంటకు అని రాశావు. ఆయన చెప్పాడా, నువ్వు లెక్కేశావా?" అన్నాడు.

నేను లెక్కేసిందే. ఒకటీ నలభైకి వచ్చాడు, నడిచి వచ్చానన్నాడు కాబట్టి ఒంటిగంట అయి ఉంటుందని రాసేశాను. వెనక్కి వెళ్లి అడిగాను. ఆయనకు టైం తెలియదు, ఫోను లేదు కదా చూసుకోవడానికి. జేబులో వెతికి నలిగిన బస్సు టికెట్ తీసిచ్చాడు, దాని మీద ఎక్కిన టైం ఉంది. అక్కడి నుంచి బైపాస్‌కి ఎంతసేపు పట్టిందండీ అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.